కడప బండ గూళ్ళు పగలగొట్టి మాడ్యులర్ కిచెన్ చేయించాలా, వద్దా?

నిజాంపేట కోడలు
అందరికీ నమస్కారం. మాది 17 ఏళ్ళ నాటి ఫ్లాట్. వంటగది 8 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. గట్టు కింద కడప బండతో కట్టిన గూళ్ళు. తలుపుల్లేవు, అత్తయ్య పాత చీరతో కుట్టిన కర్టెన్ ఉంది. మా ఆయన వాటిని తీసేసి, డ్రాయర్లు, తలుపులున్న రెడీమేడ్ పెట్టెలు బిగించే మాడ్యులర్ చేయిద్దామంటున్నారు. 2 లక్షల 40 వేలకి కొటేషన్ వచ్చింది. అత్తయ్యేమో బండ మీద సుత్తి పడనివ్వనని కూర్చున్నారు.

నా బాధ వేరే. గూడు రెండడుగుల లోతు. కందిపప్పు కావాలంటే ముందున్న నాలుగు డబ్బాలు బయట పెట్టాలి. మొన్న సంక్రాంతికి దులుపుతుంటే వెనక నుంచి ఒక శొంఠి డబ్బా బయటపడింది. మా చిన్నాడు పుట్టినప్పుడు తెచ్చింది అది. వాడిప్పుడు రెండో తరగతి.

చేయించుకున్నవాళ్ళూ, వద్దనుకున్నవాళ్ళూ మీ అనుభవం చెప్పండి.

రెండో అంతస్తు
రెండో ఆలోచన లేకుండా చేయించేయండి. మేం చేయించి నాలుగేళ్ళయింది. డ్రాయర్ లాగితే డబ్బాలన్నీ మూతలతో సహా పైనుంచి కనబడతాయి. ఇంతకుముందు రోజుకి ఇరవైసార్లు వంగేదాన్ని, ఇప్పుడు నడుం నొప్పి చాలావరకు తగ్గింది. పెద్దవాళ్ళు మొదట వద్దనే అంటారండి. మా అత్తగారూ అన్నారు. ఇప్పుడు చుట్టాలొస్తే ముందు తీసుకెళ్ళి చూపించేది ఆవిడే.

ఇంకోమాట, ఏమనుకోకండి. ఆ కర్టెన్ వెనక బొద్దింకలు కాపురం పెట్టే ఉంటాయి.

కడపోడు
అక్కా, మా ఊరి బండను అంత తేలిగ్గా తీసేయమంటే ఎట్లా? మా ఇంట్లో గూళ్ళు 1988లో కట్టినవి. చెద పట్టదు, నీళ్ళు పోసి కడిగినా ఉబ్బదు, ఇత్తడి బిందె నిండుగా పెట్టినా వంగదు. ఉగాదికి ముందు ఒక బకెట్ నీళ్ళు, చీపురు ఉంటే సాలు. మీ డ్రాయర్లలో నీళ్ళు పోసి కడగండి సూద్దాం!

లోపం లేదని అనను. అది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడి అట్లే ఉంటే తెల్లమచ్చ పడుతుంది. అందుకే గట్టు పైన గ్రానైట్ వేస్తారు, కింద గూళ్ళకు కడప బండ వేస్తారు.

చెక్కపని
నేను ఇరవై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నానండి. మాడ్యులర్ మంచిదా చెడ్డదా అని అడిగితే చెప్పలేను. దేంతో చేస్తున్నారో చెప్తే చెప్తా. ఆ కొటేషన్ తీసి చూడండి. చెక్కపొట్టు జిగురుతో నొక్కి చేసే పార్టికల్ బోర్డా, చెక్క పీచుతో చేసే ఎండీఎఫ్‌ఆ, ప్లైవుడ్డా? ప్లైవుడ్ అయితే షీటు మీద నీళ్ళకి తట్టుకునే రకమని చెప్పే ఐఎస్ 710 ముద్ర ఉందా? మామూలు రకానికి వేసే 303 అని ఉంటే మిగతా గదుల అల్మారాలకి సరిపోతుంది, సింకు దగ్గర మాత్రం 710 వాడితే మంచిది. కొటేషన్‌లో "ప్రీమియం బోర్డ్" అని మాత్రమే రాసుంటే సంతకం పెట్టొద్దు.

ముందు పోయేది ఎప్పుడూ సింకు కింది భాగమే. పైపు జాయింటు దగ్గర చుక్క చుక్క కారుతుంటుంది, తలుపు మూసి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు. పార్టికల్ బోర్డు నీళ్ళు పీల్చి నానిన రస్కులా ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బింది ఆరినా మామూలు మందానికి రాదు.

రెండో అంతస్తు
మా సింకు కింది తలుపు పోయిన వానాకాలం నుంచి సరిగ్గా మూసుకోవట్లేదు, నిజమే. అయినా మిగతా డ్రాయర్లు నేను వదులుకోను.

అట్లకాడ
మా ఇంట్లో దోసెలు, బిర్యానీ నావి. అందుకే అడుగుతున్నా, ఇంతమంది రాశారు, గట్టు ఎత్తు మాట ఎవరూ ఎత్తలేదేంటి? మాది 32 అంగుళాలు. నేను 5 అడుగుల 10. ఉల్లిపాయలు తరిగి లేచేసరికి వీపు పట్టేస్తుంది. ఒక సులువు లెక్క: చెప్పుల్లేకుండా నిలబడి మోచెయ్యి మడిచి నేల నుంచి కొలవండి, అందులోంచి నాలుగైదు అంగుళాలు తీసేయండి. తరగడానికి ఆ ఎత్తు హాయిగా ఉంటుంది. స్టవ్ దగ్గర ఇంకాస్త తగ్గినా మంచిదే, స్టవ్ ఎత్తు, దానిమీద కుక్కర్ ఎత్తు కలుస్తాయి కదా.

డ్రాయర్లకి రెండున్నర లక్షలు పెట్టి గట్టు మాత్రం పాత ఎత్తులోనే ఉంచుతున్నారు జనం.

గీతలు
నేను ఆర్కిటెక్చర్ చదివాను. ఈ మాడ్యులర్‌కి తాత లాంటిది 1926లో జర్మనీలో వచ్చిన ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్. మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ రైళ్ళలోని వంటగదులు చూసి గీశారు. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. పంచదారకి, బియ్యానికి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు. వంటలో ఎన్ని అడుగులు నడవాలో లెక్కబెట్టి మరీ చేసిన పని, ఫ్రాంక్‌ఫర్ట్‌లో వేలాది ఇళ్ళలో పెట్టారు. తర్వాత వచ్చిన విమర్శ ఏంటంటే, అందులో ఒక్కరే పనిచేయగలరు. రెండో మనిషి దూరితే ఇరుకే.

మీ ఇంట్లో ఎంతమంది వండుతారో చెప్పలేదు. పిల్లలకి గ్లాసు అందుతుందా? మీ ఆయనకి ఉప్పు ఎక్కడుందో తెలుసా? ప్లాన్ ఆ ప్రశ్నల దగ్గర మొదలవ్వాలి.

మూడు సిలిండర్లు
అన్నీ చెప్పారు గానీ గ్యాస్ వదిలేశారు. మాడ్యులర్ అనగానే సిలిండర్‌ని తలుపు వెనక దాచేస్తారు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందే చేరుతుంది. తలుపు బిగుతుగా మూసి ఉంటే వాసన బయటికొచ్చేసరికే ఆలస్యమవుతుంది. తలుపు అడుగున జాలీ పెట్టించండి. ట్యూబ్ కంటికి కనబడేలా ఉండాలి, దానిమీద వేసిన తేదీ దాటకముందే మార్చాలి. 14.2 కిలోల గ్యాస్, ఇనుము బరువు కలిపితే 30 కిలోల దాకా ఉంటుంది. ట్రాలీ మీద నిలబెట్టే ముందు అది అంత బరువు మోస్తుందో లేదో కనుక్కోండి.

నిజాంపేట కోడలు
అందరికీ థాంక్స్. ఆదివారం టేపు పట్టుకుని కూర్చున్నాం. గీతలు గారూ, మీ ప్రశ్న ఇంట్లో పెద్ద గొడవకే దారితీసింది. ఉప్పు ఎక్కడుందని ఆయన్ని అడిగితే ఫ్రిజ్ తెరిచారు.

అత్తయ్య ఎందుకు వద్దంటున్నారో ఇన్నాళ్ళూ నేను అడగనే లేదు. ఈసారి అడిగా. ఆవిడ బెంగ బండ గురించి కాదట, ఆవకాయ జాడీల గురించి. ఐదున్నాయి, అందులో పెద్దది నేనొక్కదాన్నే ఎత్తలేను. కొటేషన్ బొమ్మలో జాడీకి చోటే లేదు. ఉన్న ఒక్క పొడవాటి అరలో సీసాలు నిలబెట్టే సన్నటి తీగల బుట్ట గీశారు. "నా జాడీలు అటక మీదికా?" అన్నారు. కొటేషన్‌లో బోర్డు ఏంటో చూస్తే, చెక్కపని గారు చెప్పినట్టే "ప్రీమియం" అని ఉంది.

మా వీధిలో కార్పెంటర్‌ని పిలిచాం. బండలు అలాగే ఉంచి, మధ్యలో లాగే ట్రేలు పెడతానన్నాడు. గూళ్ళు ఒకటి 17 అంగుళాలు, పక్కది 19. మేస్త్రీ చేతికొలత. కంపెనీ సైజులు పట్టవు కాబట్టి ఒక్కోదానికి కొలిచి చేయాలట. మూడు గూళ్ళకి ట్రేలు, సింకు కింద ఏమీ పెట్టకుండా ఖాళీ, జాడీల గూడు ఉన్నది ఉన్నట్టు. మొత్తం 38 వేలు అడిగాడు. అన్నిటికన్నా కింది ట్రే పిల్లలది: వాళ్ళ కంచాలు, గ్లాసులు, అటుకుల డబ్బా. చిన్నాడు ఇప్పటినుంచే దానికి తన పేరు రాసి అతికించాడు, ట్రే ఇంకా రాకుండానే.

గట్టు ఎత్తు మాత్రం తేలలేదు. అత్తయ్య 4 అడుగుల 10, ఆయనేమో అట్లకాడ గారిలాగే 5 అడుగుల 10. ప్రస్తుతానికి గట్టు అలాగే ఉంచి, ఆయన తరగడానికి ఎత్తుగా ఒక పీట చేయించమన్నా. ఇకనుంచి తరగాల్సి వస్తుందని ఆయనకి అప్పుడే అర్థమైంది.

అట్లకాడ
పీటకి కింద రబ్బరు ముక్కలు వేయించండి, లేకపోతే గ్రానైట్ మీద జారుతుంది. బావగారికి నా సానుభూతి.

రెండో అంతస్తు
మీ ఇష్టం అండి. ఐదేళ్ళాగి మళ్ళీ ఇక్కడే ఇదే ప్రశ్న పెడతారు, చూస్తూ ఉండండి. ఇంతకీ ఆ కర్టెన్ తీసేస్తున్నారా లేదా?

నిజాంపేట కోడలు
అత్తయ్య ట్రేలకి ఒప్పుకున్నారు. కర్టెన్ మీద చర్చలు నడుస్తున్నాయి.