లాయర్ లేని దావా: పసలేదని మొదట్లోనే ఆపేయొచ్చా?

పాతదస్తావేజు: ఒక్క గోడ మీద పక్కింటాయన నా మీద మూడు దావాలు వేశాడు. లాయర్ లేడు, పార్టీ ఇన్ పర్సన్. రెండుసార్లు కోర్టు కొట్టేసింది, మళ్లీ వేశాడు. ఆయనకు పోయేది కోర్టు ఫీజు. నాకు వాయిదా వాయిదాకీ లాయర్ ఫీజు, సెలవు, ముందురోజు రాత్రి నిద్ర. ఇలాంటివాళ్లను గుమ్మం దగ్గరే ఆపాలి. ఇంగ్లండులో పసలేని దరఖాస్తులు పదేపదే వేసేవాళ్ల మీద సివిల్ రిస్ట్రెయింట్ ఆర్డర్ ఇస్తారు. ఆపైన జడ్జి అనుమతి లేనిదే కేసు వేయలేరు.

తెల్లకాగితం: గుమ్మం దగ్గర ఆపితే ఎలా ఉంటుందో నేను చూశాను. రావాల్సిన జీతం కోసం కేసు నేనే రాసుకున్నా. ఫైలింగ్ కౌంటర్‌లో నాలుగుసార్లు తిప్పి పంపారు. మార్జిన్ చాలదని ఒకసారి, పేజీ నంబర్లు లేవని ఒకసారి. నాలుగోసారి ఇండెక్స్‌లో ఒక తేదీ దగ్గర ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు, అంతే. లోపల ఏం రాశానో ఎవరూ చదవలేదు. 1972లో హేన్స్ వర్సెస్ కెర్నర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఖైదీ సొంతంగా వేసుకున్న ఫిర్యాదును లాయర్లు రాసే కాగితాల కొలతతో కొలవకూడదంది.

మూడోబెంచీ: చిన్న సవరణ. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11 కింద అయితే అది ప్లెయింట్ (దావా పత్రం) తిరస్కరణ, దావా కొట్టివేత కాదు. రూల్ 13 ప్రకారం మళ్లీ వేయొచ్చు.

పాతదస్తావేజు: పేరేదైతేనేం, సమన్లు వచ్చింది నాకే కదా.

మూడోబెంచీ: తేడా అక్కడే ఉందండీ. అందుకే ఆయన మళ్లీ వేయగలిగాడు.

పాతదస్తావేజు: తప్పుడు దావా అని తేలినా అదే కోడ్‌లో సెక్షన్ 35ఎ కింద పరిహారం 3,000 రూపాయలు దాటదు. దాంతో ఎవరు భయపడతారు? మీలాంటివాళ్ల మీద జాలి చూపబట్టే కోర్టులు ఇలా నిండిపోయాయి.

తెల్లకాగితం: మీలాంటివాళ్లంటే ఎవరండీ? నేను గెలిచాను. మీ పక్కింటాయన మీద కోపం నా మీద చూపించకండి.

సాయంత్రంగాలి: ఇద్దరూ కాస్త తగ్గండి.

పాతదస్తావేజు: ఆ మాట తప్పే, క్షమించండి. మూడో సమన్లు వచ్చిననాడు మా అమ్మ మంచం మీద ఉంది. కవరు చూసి 'మళ్లీనా నాన్నా' అంది. నేనడిగేది ఒకటే. ముందు జడ్జి చదవాలి, పస ఉంటేనే నన్ను పిలవాలి. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఫీజు మినహాయింపు అడిగినవాళ్ల ఫిర్యాదు పసలేనిదైతే సమన్లకు ముందే కొట్టేయొచ్చు.

తెల్లకాగితం: జడ్జి చదవాలనే నేనూ అంటున్నా, కౌంటర్ కాదు. కానీ ఉత్త కాగితం చూసి తేల్చేస్తే రాయడం రానివాళ్ల గతేంటి? నా మొదటి ప్రతిలో జీతం ఊసు మూడో పేజీ దాకా లేదు. మీరు చూసినా పక్కన పడేసేవారు. రాసిన మనిషిని పిలిచి పది నిమిషాలు అడగాలి.

పాతదస్తావేజు: అడగనివ్వండి. ఆ పది నిమిషాలకు నన్ను పిలవకపోతే చాలు.

తెల్లకాగితం: మీరు లేనప్పుడు ఆ గోడ గురించి ఆయన చెప్పిందే నిజమని జడ్జి అనుకుంటే?