ఇంట్లో షేర్డ్ ఫోల్డరుకు పాస్‌వర్డ్ అవసరమా?

బత్తాయి తోట (నల్లగొండ):
కింది గదిలో నాన్నగారి డెస్క్‌టాప్, మేడ మీద నా ల్యాప్‌టాప్. రెండూ విండోస్ 11 ప్రో, ఒకే వైఫై. తోట లెక్కలు, కమీషన్ ఏజెంటు బిల్లులు, భూమి కాగితాల స్కాన్లు నాన్నగారి డి డ్రైవ్‌లో ఉన్నాయి. ఆ ఫోల్డరును షేర్ చేశాను. ల్యాప్‌టాప్ నుంచి తెరవబోతే పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. నాన్నగారు రోజూ కొట్టే పిన్ ఇస్తే తప్పంటుంది. చూడటానికి వచ్చిన టెక్నీషియన్ "పాస్‌వర్డ్ రక్షణ ఆపేసి, ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేయండి, ఇల్లే కదా" అన్నాడు. నాకు మనసొప్పలేదు. వెనక వాటాలో అద్దెకున్న విద్యార్థులు కూడా మా వైఫైనే వాడుతున్నారు. మీరేమంటారు?

పాలమూరు రిపేరు:
అతను చెప్పినదాంట్లో తప్పేముంది? మహబూబ్‌నగర్‌లో నేను చేసేదీ ఇదే పని. ఒక్కొక్కరికి ఒక అకౌంటు, ఒక పాస్‌వర్డ్ పెట్టి వచ్చిన ఇంటి నుంచి దసరాకు ముందే ఫోను వస్తుంది, మరిచిపోయామని. పెళ్లి ఫొటోలు చూసుకోవడానికి ఇంత తంతు ఎందుకండీ? రౌటర్ వెనక ఉన్న కంప్యూటర్లోకి బయటివాడు నేరుగా రాలేడు. అద్దెవాళ్ల గురించే బెంగ అయితే రౌటర్లో గెస్ట్ వైఫై (అతిథులకు విడిగా ఉండే వైఫై) పెట్టి వాళ్లను అందులోకి మార్చండి.

గద్వాల కృష్ణ ఒడ్డు:
వాదన తర్వాత. బత్తాయి తోట గారూ, మీ సమస్య అనుమతి దాకా రానేలేదు. మీరెవరో తేలకముందే ఆగిపోయింది. పిన్ ఆ ఒక్క కంప్యూటరుకే పరిమితం, నెట్‌వర్క్ మీద చెల్లదు. అక్కడ కావలసింది అకౌంటు అసలు పాస్‌వర్డ్. అసలు పాస్‌వర్డే లేని అకౌంటైనా అంతే. ఖాళీ పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ నుంచి వచ్చేవారిని విండోస్ మామూలుగా రానివ్వదు.

అది దాటాక అనుమతులు ఫోల్డరు ప్రాపర్టీస్‌లో రెండు చోట్ల ఉంటాయి: షేరింగ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇంకొకటి. నెట్‌వర్క్ గుండా వచ్చినవారికి రెండూ వర్తిస్తాయి, ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో ఫుల్ కంట్రోల్ ఇచ్చి, సెక్యూరిటీలో చదవడానికి మాత్రమే ఇస్తే దక్కేది చదవడమే. కంప్యూటరు ముందు కూర్చున్న నాన్నగారికి షేరింగ్ అనుమతితో పనే లేదు. అందుకే "నాకు బాగానే తెరుచుకుంటుంది కదా" అంటారు ఇంట్లో పెద్దలు.

ఇంకో సంగతి. టెక్నీషియన్ రెండు సలహాలను కలిపి చెప్పాడు. పాస్‌వర్డ్ రక్షణ ఉన్నంతవరకు ఎవ్రీవన్ అంటే ఆ కంప్యూటర్లో అకౌంటు ఉన్నవారే. రక్షణ ఆపేస్తే గెస్ట్‌గా, అంటే అకౌంటూ పాస్‌వర్డూ లేకుండా, ఎవరైనా రావచ్చు. భయపడాల్సింది రెండోదానికి.

మిర్యాలగూడ లెక్కలు:
రైస్ మిల్లుల పద్దులు చూసేవాడిని, ఈ "ఇల్లే కదా" నాకు నచ్చదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ఒక కంప్యూటరు నుంచి పక్క కంప్యూటరుకు పాకింది ఈ ఫైల్ షేరింగ్ దారిలోనే. అందరికీ రాసే అనుమతి ఇస్తే ఎవరి ల్యాప్‌టాప్‌కు వైరస్ పట్టినా నాన్నగారి లెక్కలు గల్లంతే.

పాలమూరు రిపేరు:
వన్నాక్రైని ఇందులోకి లాగకండి. అది మీ అనుమతులు అడిగి రాలేదు. ఎస్‌ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్ వాడే పద్ధతి) పాత వెర్షన్ లోపం గుండా, ఆ ఏడాది మార్చిలో వచ్చిన ప్యాచ్ వేసుకోని కంప్యూటర్లలో దూరింది. పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లూ నష్టపోయారు. మీ పద్ధతిలో అబ్బాయికి రాసే అనుమతి ఉండి, అబ్బాయి ల్యాప్‌టాప్‌కే వైరస్ పడితే? విడిగా దాచిన బ్యాకప్ తప్ప ఏదీ ఆదుకోదు.

మిర్యాలగూడ లెక్కలు:
బ్యాకప్ ఎలాగూ ఉండాలి, కాదనను. కానీ అబ్బాయికి అన్నిట్లో రాసే పనేముంది? భూమి కాగితాలు చూస్తే చాలు. పైగా మీ తలుపులు తెరిచిన పద్ధతి ఎక్కువ కాలం నడవదు. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే 2024 వెర్షన్ నుంచి గెస్ట్‌గా వెళ్లే దారి ముందే మూసి ఉంటుంది. దాన్ని మళ్లీ తెరవాలంటే రక్షణలు ఒక్కొక్కటే తీసేస్తూ పోవాలి. సులువు అని మొదలుపెట్టి చేసే పని అదా?

బత్తాయి తోట (నల్లగొండ):
నాన్నగారి కంప్యూటర్లో నా పేరుతో వేరే అకౌంటు తెరిచి, పాస్‌వర్డ్ పెట్టాను. మొత్తం ఫోల్డరుకు చదివే అనుమతి, బిల్లుల ఫోల్డరుకు మాత్రం రాసేది. తెరుచుకుంది. కానీ నిన్న నాన్నగారు అందులోకి మార్చిన ఫైళ్లు మాత్రం పేర్లు కనిపిస్తున్నాయి, తెరుచుకోవడం లేదు.

గద్వాల కృష్ణ ఒడ్డు:
డి డ్రైవ్‌లోనే మరో చోటు నుంచి కట్ చేసి పేస్ట్ చేసి ఉంటారు. ఒకే డ్రైవ్‌లో జరిపితే పాత అనుమతులే వెంట వస్తాయి. కాపీ చేస్తే కొత్త ఫోల్డరువి అంటుకుంటాయి. సెక్యూరిటీలో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి, లోపలివాటన్నిటికీ పై ఫోల్డరు అనుమతులే వర్తించేలా పెట్టండి. నాన్నగారికి మాత్రం కట్ మానేసి కాపీ చేయమని చెప్పండి.

పాలమూరు రిపేరు:
చూశారా, ఒక ఫోల్డరుకు ఎన్ని మెట్లో! ఈ మాటలన్నీ నేను ఏ ఇంట్లో కూర్చుని చెప్పగలను? నా గిరాకీలకు నేను చేసేదే చేస్తాను, గెస్ట్ వైఫై వేరు చేసి మరీ.

బత్తాయి తోట (నల్లగొండ):
ఆ గెస్ట్ వైఫై సలహా మాత్రం తీసుకున్నాను, విద్యార్థులను అందులోకి మార్చాను. కృష్ణ ఒడ్డు గారు చెప్పినట్టు చేస్తే ఆ ఫైళ్లూ తెరుచుకున్నాయి. కట్ మానేయమంటే నాన్నగారు "రెండు చోట్ల ఉంటే ఏది అసలుదో నాకెలా తెలుస్తుంది?" అంటున్నారు. దీనికి జవాబు ఎవరి దగ్గరైనా ఉందా?