"పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా" వాయిస్ మెసేజ్: ఆపించేదెలా?

తుమ్మచెట్టు: గంగిరెద్దుల వాళ్ల ఫోటోలు పెట్టి "ముఠా దిగింది, కనపడితే వదలొద్దు" అని మూడు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారు. ఎవరికి చెప్పాలి? ఆధారం ఎలా దాచాలి?

పాతఫోను: విడి స్క్రీన్‌షాట్లు చాలవు. గ్రూపు పేరు, అడ్మిన్లు, పంపినవాడి నంబరు (సేవ్ చేసిన పేరు కాదు), తేదీ, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని చూపే రెండు బాణాల గుర్తు, అన్నీ ఆగకుండా ఒకే స్క్రీన్ రికార్డింగ్‌లో రావాలి. చాట్ ఎక్స్‌పోర్ట్‌లో బాణాలు రావు. గ్రూపులోంచి బయటికి రావద్దు.

సెక్షన్_సుబ్బయ్య: ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే 65బి సర్టిఫికెట్ లేకుంటే ఇవన్నీ చెత్తబుట్టకే. నేను రోజూ చూసేవే.

పాతఫోను: రోజూ చూసేది పాత పుస్తకమా సార్? 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్, సెక్షన్ 63. సర్టిఫికెట్‌లో పార్ట్-ఎ మనం, పార్ట్-బి నిపుణుడు నింపాలి, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) సహా. ఫోటోగా పంపితే ఫైలు కుదించుకుపోయి హాష్ మారుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

సెక్షన్_సుబ్బయ్య: సెక్షన్ నంబరు మారింది, సర్టిఫికెట్ పోలేదుగా!

ఊరవతల: అది విచారణప్పటి గొడవ. ఎఫ్‌ఐఆర్‌కి ఎవడూ సర్టిఫికెట్ అడగడు. ఇలాంటి పుకారుకే 2018 జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో కొట్టి చంపిన ఐదుగురూ భిక్షాటనకు వచ్చిన నాథపంథీ దావరీ గోసావీ సంచారజాతి వాళ్లే. అంతకు ముందు మేలో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ. అప్పుడు తిరిగిన, బైకు మీద పిల్లాణ్ణి ఎత్తుకెళ్లే వీడియో కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. పిల్లాణ్ణి తిరిగి దింపే ముక్క కోసేశారు. ముందు డేరాల దగ్గరికెళ్లి చెప్పండి, 112కి ఫోన్ చేయండి. మూకదాడులపై జిల్లాకో నోడల్ (బాధ్యుడైన) పోలీసు అధికారి ఉండాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, ఎస్పీ స్థాయికి తగ్గకుండా. ఆ ఆఫీసుకీ రాసివ్వండి.

మిరపతోట: అట్రాసిటీ కేసు పెట్టేస్తే సరి.

సెక్షన్_సుబ్బయ్య: గంగిరెద్దుల వాళ్లు బీసీ-ఏ. ఆ చట్టం అంటదు. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 196, వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం, 353, అలజడి రేపే అబద్ధాలు, రాయండి. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అట్రాసిటీ చట్టంలో 3(1)(యు), వాళ్లపై ద్వేషం రెచ్చగొట్టడం, మర్చిపోవద్దు. అందరూ అవమానం, కులం పేరుతో తిట్టడం గురించిన (ఆర్), (ఎస్) రాసి "పబ్లిక్ వ్యూ", అంటే నలుగురూ చూసేచోట జరగాలన్న షరతు దగ్గర ఇరుక్కుంటారు. (యు)లో ఆ షరతే లేదు.

పాతఫోను: ఇది మాత్రం ఒప్పుకుంటా.

మిరపతోట: అదే ఫోటో మీద ఎర్రగా "ఫేక్" కొట్టి అన్ని గ్రూపుల్లో వేశా.

ఊరవతల: కొంప ముంచావు. చిన్న తెర మీద ముద్ర కాదు, మొహాలే గుర్తుంటాయి. తీసెయ్. విన్నది గొంతు కాబట్టి జవాబూ ఊరివాళ్లకి తెలిసిన గొంతుతోనే పోవాలి, ఫోటో లేకుండా, నిమిషం లోపు.

తుమ్మచెట్టు: సర్పంచి చదువుతానన్నాడు. ఏం రాసివ్వాలి?