బాలింత మందిరానికి ఎప్పుడు రావాలి? లేవీయకాండం 12 మనకి వర్తిస్తుందా?

అల్వాల్_అబ్బాయి:
అందరికీ వందనాలు. మాకు ఈమధ్యే పాప పుట్టింది, దేవునికి స్తోత్రం. వచ్చే నెల మొదటి ఆదివారం మందిరంలో ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకుందాం అనుకున్నాం. మా సంఘ పెద్ద ఒకాయన బైబిల్ పాత నిబంధనలోని లేవీయకాండం 12 తీసి చూపించి మగపిల్లాడైతే 7 ప్లస్ 33 మొత్తం 40 రోజులు, ఆడపిల్ల అయితే 14 ప్లస్ 66 మొత్తం 80 రోజులు, అప్పటిదాకా తల్లి మందిరంలో అడుగుపెట్టకూడదు అంటున్నారు. పాస్టర్ అయ్యగారు అవుననడు కాదనడు. ఇంట్లో మా అత్తగారి పురుడు లెక్క వేరే ఉంది, అది వదిలేయండి. నా ప్రశ్న ఒక్కటే, పాత నిబంధనలో మనకి ఏది వర్తిస్తుంది ఏది వర్తించదు, అది ఎలా తెలుసుకోవాలి?

బెరయవాసి_ఉప్పల్:
వర్తించదు బ్రదర్, ఒక్క పొల్లు కూడా. మోషే ధర్మశాస్త్రం సీనాయి దగ్గర ఇశ్రాయేలుతో చేసిన నిబంధన, మనతో చేసింది కాదు. కొత్త నిబంధనలో పౌలు రాసిన గలతీ పత్రిక 3 చదవండి, అబ్రాహాముకి వాగ్దానం ఇచ్చిన 430 ఏళ్ల తర్వాత ధర్మశాస్త్రం వచ్చింది, సంతానం వచ్చేదాకే దాని డ్యూటీ. హెబ్రీ 7:12 యాజకత్వం మారితే ధర్మశాస్త్రం కూడా మారి తీరాలి అంటుంది. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేములో పెద్దలంతా కూర్చుని అన్యజనుల్లోంచి వచ్చినవాళ్లకి ఏం చెప్పాలి అని మాట్లాడుకుని నాలుగే నాలుగు రాసి పంపారు, విగ్రహాలకి అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపింది, జారత్వం. అందులో బాలింత ఊసే లేదు. ఇంకోటి, ఆ పెద్దాయన 12వ అధ్యాయం 5వ వచనంలోనే ఆగిపోయినట్టున్నాడు. 6వ వచనంలో ఏడాది గొర్రెపిల్ల ఒకటి, పావురమో గువ్వో ఒకటి తెచ్చి యాజకుడికి ఇవ్వాలని ఉంది. రోజులు లెక్కపెడితే గొర్రెపిల్లని కూడా లెక్కపెట్టాలి కదా, జియాగూడ నుంచి తెప్పిస్తారా మరి?

నెహెమ్యా_గోడ:
బెరయవాసి గారూ, ముగింపు కరెక్టే, దారి తప్పు. "ఒక్క పొల్లు కూడా వర్తించదు" అన్నారు, ప్రభువేమో మత్తయి 5:17, 18లో ఒక పొల్లయినా తప్పిపోదు అన్నాడు, ఎవరి మాట నమ్మాలి? ధర్మశాస్త్రంలో మూడు రకాలు ఉన్నాయి, నైతికం, ఆచార సంబంధం, ఇశ్రాయేలు రాజ్యానికి చెందిన న్యాయవిధులు. ఆచారం క్రీస్తులో నెరవేరింది, న్యాయవిధులు ఆ రాజ్యంతో పోయాయి, నైతికం ఎప్పటికీ ఉంటుంది. లేవీ 12 ఆచారం, కాబట్టి ఈ తమ్ముడు నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. కానీ మొత్తం కొట్టేయడం 2వ శతాబ్దంలో మార్కియోను చేసిన పని, రోమా సంఘం ఆయన్ని బయటికి పంపింది. పౌలే ఎఫెసీ 6:2లో తల్లిదండ్రులను సన్మానించు అనే ఆజ్ఞని పిల్లలకి ఎత్తి చెప్పాడు కదా.

తార్నాక_అక్క:
తమ్ముడూ ముందు తల్లీ బిడ్డా ఎలా ఉన్నారు? ఆ సంగతి ఎవరూ అడగరేం

బెరయవాసి_ఉప్పల్:
నన్ను మార్కియోను అన్నారా, బాగుంది. ఆయన పాత నిబంధన దేవుడే వేరే అని గ్రంథం మొత్తం పక్కన పెట్టి, లూకాని కత్తిరించి, పౌలు పత్రికలు పది ఉంచుకున్నాడు. నేను పాత నిబంధన చదువుతాను, ప్రకటిస్తాను, 2 తిమోతి 3:16 నాకూ తెలుసు. పాత నిబంధన నాకు లేఖనం, చట్టం కాదు, ఈ రెండింటికీ తేడా ఉంది. మీ మూడు రకాల గీత బైబిల్లో ఎక్కడుందో ఒక్క వచనం చూపించండి. లేవీ 19:18 నీ పొరుగువాడిని ప్రేమించు, ఆ వెంటనే 19వ వచనం రెండు రకాల దారాలు కలిపి నేసిన బట్ట వేసుకోవద్దు. మోషే ఊపిరి కూడా పీల్చుకోలేదు మధ్యలో. టెర్రీకాటన్ చొక్కా వేసుకుని వచ్చి 18 నైతికం 19 ఆచారం అని మీరు చెబితే ఎలా? ఆ విభజన 13వ శతాబ్దంలో అక్వినాస్ అనే కతోలిక పండితుడు రాశాడు, 1640ల్లో ఇంగ్లండ్‌లో వెస్ట్‌మినిస్టర్ సభవాళ్లు విశ్వాస ప్రమాణం 19వ అధ్యాయంలో పెట్టారు. మనుషులు గీసిన గీత.

నెహెమ్యా_గోడ:
మరి మీ అసెంబ్లీ సంఘంలో బైబిల్ చరిత్రని ఏడు ముక్కలు చేసి చెప్పే ఏడు యుగాలు ఎవరు గీశారు సార్? 1909లో స్కోఫీల్డ్ బైబిల్ నోట్స్. నాది మనిషి గీత, మీది పరలోకం నుంచి ఊడిపడిందా? అయినా గీత నేను పుట్టించలేదు, ప్రవక్తలే గీశారు. హోషేయ 6:6, బలి కాదు కనికరం కావాలి. మీకా 6:8 చూడండి. ఏది బరువైందో ఏది తేలికో యేసు కూడా చెప్పాడు, మత్తయి 23:23.

బోలారం_భాయ్:
అన్నా 23:23 అన్నవ్ గాబట్టి అడుగుతున్న. గా వచనంల దశమభాగం ఉంది గదా. మా దగ్గర కూడా గిదే కత. దశమభాగం అన్నప్పుడు పదోవంతు మందిరం నిధి గదికి తెమ్మనే మలాకీ 3:10 మైకుల చదువుతరు, లేవీ 27 చదువుతరు. పండుగలు, శనివారం, పంది కూర అంటే మనం కృప కింద ఉన్నం అంటరు. పైసలు వచ్చేటివి పాత నిబంధన, కష్టమయ్యేటివి కొత్త నిబంధన. గిదేం లెక్కనో ఎవరన్న చెప్పుండ్రి

నెహెమ్యా_గోడ:
దశమభాగం ధర్మశాస్త్రం కంటే ముందుది తమ్ముడూ. ఆదికాండం 14:20, అబ్రాహాము మెల్కీసెదెకు అనే యాజకుడికి ఇచ్చాడు. 28:22లో యాకోబు మొక్కుకున్నాడు. మోషే అప్పటికి పుట్టనే లేదు. కాబట్టి ధర్మశాస్త్రం పోయినా అది పోదు.

బెరయవాసి_ఉప్పల్:
సున్నతి కూడా మోషే కంటే ముందుదే, ఆదికాండం 17. అది కూడా ఉంచుదామా? ముందుది కాబట్టి నిలుస్తుంది అనే రూలు పెడితే గలతీ పత్రిక మొత్తం చింపేయాలి. అబ్రాహాము ఇచ్చింది యుద్ధంలో కొల్లగొట్టిన సొమ్ములోంచి అని హెబ్రీ 7:4 చెబుతుంది, నెల జీతంలోంచి కాదు. ద్వితీయోపదేశకాండం 14 చివర చదివారా ఎప్పుడైనా? మూడేళ్లకోసారి ఆ పదోవంతు ఊళ్లోనే పెట్టాలి, లేవీయులు పరదేశులు తండ్రి లేనివాళ్లు విధవరాళ్లు వచ్చి తిని తృప్తి పొందాలి. ఆ వచనం మైకులో చదివిన అయ్యగారిని నేను మాత్రం చూళ్లేదు.

నెహెమ్యా_గోడ:
సున్నతికి బదులు బాప్తిస్మం వచ్చింది, కొలస్సీ 2:11, 12. దశమభాగానికి బదులు ఏం వచ్చింది? ఏమీ రాలేదు, అందుకే నిలిచింది.

బెరయవాసి_ఉప్పల్:
2 కొరింథీ 9:7 వచ్చింది. సణుక్కోకుండా బలవంతం లేకుండా మనసులో నిశ్చయించుకున్నంత.

నెహెమ్యా_గోడ:
అది యెరూషలేము బీదల కోసం పోగుచేసిన చందా, సంఘ పోషణ కాదు. సందర్భం చూడండి.

బెరయవాసి_ఉప్పల్:
సందర్భం నాకే గుర్తొస్తుందా, మలాకీ 3కి గుర్తురాదా? ఆ మందిరపు నిధి గది ఎక్కడుంది ఇప్పుడు, సికింద్రాబాద్‌లోనా?

మోడరేటర్:
బాలింత గురించి అడిగితే దశమభాగం దగ్గర ఇరుక్కున్నారు. దయచేసి విషయానికి రండి.

ఏడవ_దినం:
పది ఆజ్ఞలు నైతికం అంటారు, నాలుగో ఆజ్ఞ మాత్రం ఆదివారానికి మార్చేశారు. నెహెమ్యా గారు జవాబు చెప్పాలి. దేవుడు విశ్రమించింది ఏడో రోజు, సృష్టిలోనే. అది కూడా మోషే కంటే ముందే, మీ రూలు ప్రకారమే.

బెరయవాసి_ఉప్పల్:
చూశారా, మీ రూలుతోనే మిమ్మల్ని పట్టుకున్నారు 😀 నాకు ఆ ఇబ్బంది లేదు, తొమ్మిది ఆజ్ఞలు అపొస్తలుల పత్రికల్లో మళ్లీ కనిపిస్తాయి, విశ్రాంతి దినం ఒక్కటి ఆజ్ఞగా కనిపించదు, పైగా కొలస్సీ 2:16, 17 దాన్ని ఛాయ అంది.

నెహెమ్యా_గోడ:
నవ్వండి. మీకు ఇది ఆటలా ఉంది. ధర్మశాస్త్రం పోయింది పోయింది అని మీరు స్టేజీ మీద చెప్పే మాట కింద కూర్చున్నవాడి చెవిలో ఎలా పడుతుందో తెలుసా? మా ఇంట్లోనే ఒకడు, నా తోడబుట్టినవాడు, అలాంటి ఫెలోషిప్‌కే వెళ్లి కృప కృప అని నేర్చుకుని ఇద్దరు పిల్లల్ని, కట్టుకున్న భార్యని వదిలేసి, అడిగితే "నేను ధర్మశాస్త్రం కింద లేను అన్నా" అన్నాడు. ఆ పిల్లల ఫీజులు ఎవరు కడుతున్నారో మీరు చెప్పగలరా? కృప కింద ఉన్నామని పాపం చేద్దామా అని అడిగే రోమా 6:15 వాడికి ఎవరూ చదివి వినిపించలేదు. మీలాంటోళ్లు గొర్రెపిల్ల జోకులు వేసుకుంటూ ఉంటారు.

బెరయవాసి_ఉప్పల్:
మీ తమ్ముడు పాపం చేశాడు, దానికి గలతీ పత్రికని బోనెక్కిస్తే ఎలా? రూల్స్ గట్టిగా ఉన్న సంఘాల్లో భార్యని కొట్టేవాళ్లు లేరా? పరిసయ్యులకి ధర్మశాస్త్రం తక్కువైందా?

తార్నాక_అక్క:
ఇద్దరూ కాస్త ఆగండి అన్నయ్యలూ. నేను చిన్నప్పటి నుంచి ఉన్న సంఘంలో నెలసరి వచ్చినప్పుడు ఆడవాళ్లు ప్రభురాత్రి భోజనపు బల్లలో పాలుపొందకూడదు. వాక్యం లేవీ 15:19. ఎవరూ పైకి అనరు, రొట్టె పళ్లెం వచ్చినప్పుడు మనం తల వంచుకుని పక్కకి అందించాలి, అంతే, బెంచీలో ఉన్న అందరికీ తెలిసిపోతుంది. పదమూడేళ్ల పిల్లకి అది ఎలా ఉంటుందో మీకు తెలీదు. అదే సంఘంలో మార్కు 5 మీద ప్రసంగాలు ఎన్నో విన్నా, పన్నెండేళ్లు రక్తస్రావం ఉన్న స్త్రీ జనం మధ్యలో ఆయన వస్త్రం ముట్టుకుంది, ఆయన అపవిత్రుడు కాలేదు, ఆమె బాగుపడింది, కుమారీ సమాధానంతో వెళ్లు అన్నాడు. హల్లెలూయ అంటారు అందరూ. తర్వాత బల్ల ఎత్తగానే మళ్లీ లేవీయకాండమే. మీ ఇద్దరూ లేవీ 12 వర్తించదనే అంటున్నారు మొదటి నుంచీ, మరి దేని గురించి కొట్టుకుంటున్నారో నాకు అర్థం కావట్లేదు. నాకు అర్థమైంది ఒకటే, మూడు రకాల గీత గీసినా, మొత్తం కొట్టేసినా, ఆ గీత పట్టుకుని కూర్చునేది మగవాళ్లే. లేవీ 15 మొదట్లో పురుషుల స్రావం గురించి కూడా ఉంది, ఆ వచనాలు పట్టుకుని బల్ల దగ్గర ఎవరినీ ఆపలేదు.

బోలారం_భాయ్:
అక్కా 🙏

అల్వాల్_అబ్బాయి:
తార్నాక అక్కా, తల్లీ పిల్లా బాగున్నారు, అడిగినందుకు థ్యాంక్స్. ఒక మాట చెప్పలేదు ఇందాక, ఆ సంఘ పెద్ద మా సొంత పెదనాన్న. వచనం చూపించి గెలిచినా ఇంట్లో ఓడిపోతాను.

నెహెమ్యా_గోడ:
అక్క అడిగింది కాబట్టి చెబుతా. దశమభాగం కాదు నా బాధ. యిర్మీయా 31:33, కొత్త నిబంధన అంటే ఏంటో దేవుడే చెప్పిన చోటు. నా ధర్మశాస్త్రాన్ని వాళ్ల హృదయాల మీద రాస్తాను అన్నాడు. వేరే ధర్మశాస్త్రం రాస్తాను అనలేదు. రాతి పలక మీద ఉన్నదే గుండెలోకి వచ్చింది. మారింది మనిషి, ధర్మశాస్త్రం కాదు. దాన్ని తీసేస్తే గుండె మీద రాయడానికి ఏం మిగులుతుంది? మా వాడి గుండె మీద ఏమీ రాసి లేదు, అదే నా ఏడుపు.

బెరయవాసి_ఉప్పల్:
ఈ మాట మొదటి పోస్టులో అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నేనూ ఆ వచనం దగ్గరే నిలబడ్డాను, కానీ ఒక వచనం ముందు, 31:32. ఐగుప్తు నుంచి రప్పించినప్పుడు వాళ్ల పితరులతో చేసిన నిబంధన లాంటిది కాదు అన్నాడు. లాంటిది కాదు! పాతదే కొత్త చోట రాస్తే హెబ్రీ 8:13 మొదటిది పాతదైపోయింది, కనుమరుగవడానికి సిద్ధంగా ఉంది అని ఎందుకు రాస్తుంది? గుండె మీద రాసేది క్రీస్తు నియమం, ఒకరి భారం ఒకరు మోయమనే గలతీ 6:2. మీ తమ్ముడు దాని కింద లేనని చెప్పమనండి చూద్దాం, అది మోషే కంటే బరువు. అక్క సంఘం విషయంలో మాత్రం నా భయం మీకు అర్థం కావాలి. "అదే ధర్మశాస్త్రం" అని ఒప్పుకున్న రోజు లేవీ 15 తలుపు కూడా తెరుచుకుంటుంది, మీరు ఆచారం అని గడియ పెట్టినా పక్కనోడు తీస్తాడు.

నెహెమ్యా_గోడ:
మీరు తలుపే పీకేశారు కదా, దాంట్లోంచి మావాడు బయటికి పోయాడు. సరే, దీనికి జవాబివ్వండి. అపొస్తలుల కార్యములు 21:26లో పౌలు నలుగురు మొక్కుకున్నవాళ్లని వెంటపెట్టుకుని, తాను కూడా శుద్ధి చేసుకుని దేవాలయంలోకి వెళ్లాడు, వాళ్ల ఖర్చు కూడా పెట్టుకున్నాడు. గలతీ పత్రిక రాసిన మనిషే. పోయిన చట్టానికి ఆ ఖర్చు ఎందుకు?

బెరయవాసి_ఉప్పల్:
1 కొరింథీ 9:20, యూదులకి యూదుడిలా. రాత్రి డ్యూటీ ఉంది, రేపు వివరంగా రాస్తా. అల్వాల్ తమ్ముడూ, నువ్వు మాత్రం పెదనాన్నకి లూకా 2:24 చూపించు, మరియ గువ్వల జతో రెండు పావురపు పిల్లలో ఇచ్చిందని, మీరెవరైనా ఇచ్చారా అని మర్యాదగా అడుగు.

తార్నాక_అక్క:
అడగొద్దు తమ్ముడూ, ఈయన మాట వింటే ఇంట్లో గొడవే. మీ పెద్దమ్మని అడుగు, ఆవిడ పిల్లలప్పుడు ఎన్ని రోజులు ఉందో.