ఒకే చిప్పు, మూడు పేర్లు: తప్పు ఫౌండ్రీదా, పేరు పెట్టినవాళ్లదా?

పాతకాపు:
ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు రేడియాన్ హెచ్‌డీ 7850 వచ్చింది 2012లో. పిట్‌కెయిర్న్ చిప్పు, 1024 కోర్లు. అదే సరుకు పేరు 2014లో ఆర్7 265, 2015లో ఆర్7 370. ఎవర్ని కదిపినా ఏఎండీ మోసం చేసిందనే అంటున్నారు. నాకు మాత్రం అసలు కారణం ఇంకోచోట కనిపిస్తోంది.

కంపెనీలు గీసిన చిప్పుల్ని తయారుచేసే ఫౌండ్రీ టీఎస్‌ఎంసీ. దాని 28 నానోమీటర్ల ప్రాసెస్ మీద (అంకె తగ్గేకొద్దీ ట్రాన్సిస్టర్లు చిన్నవి) గ్రాఫిక్స్ కార్డులు 2012 మొదట్లో వచ్చాయి. తర్వాతి మెట్టు 20. అది 2014లో ఫోన్ చిప్పులకు పనికొచ్చింది గానీ, వందల వాట్లు తాగే పెద్ద చిప్పులకు గిట్టుబాటు కాలేదు. ఫిన్‌ఫెట్ అనే కొత్తరకం ట్రాన్సిస్టర్లతో 16, 14 నానోమీటర్లు కార్డుల దాకా వచ్చేసరికి 2016 సగమైంది. అంటే నాలుగేళ్లకు పైగా ఒకే మెట్టు మీద కూర్చున్నారు. చేసిపెట్టే ఫౌండ్రీ కొత్తది ఇవ్వకపోతే అమ్మేవాడు పాతదానికే రంగు వేయక ఏం చేస్తాడు? కాదనేవాళ్లు చెప్పండి.

ఫ్రేములెక్క:
ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది పాతకాపు గారూ. అదే 28 మీద ఏఎండీ పోటీదారు ఎన్విడియా ఏం చేసిందో చూడండి. 2013లో జీటీఎక్స్ 780 టీఐ, 250 వాట్లు. 2014 సెప్టెంబరులో జీటీఎక్స్ 980, 165 వాట్లకే వేగంలో దానికంటే కాస్త ముందు. ఫౌండ్రీ అదే, నోడ్ (ఆ నానోమీటర్ల మెట్టు) అదే. మారింది చిప్పు లోపలి అమరిక, మ్యాక్స్‌వెల్. నోడ్ లేకపోతే దారే లేదన్న వాదన అక్కడే కూలిపోయింది.

ఎన్విడియాను నెత్తిన పెట్టుకుంటున్నాననుకోవద్దు. జీ92 చిప్పుతో వాళ్లు ఆడిన ఆట మర్చిపోలేదు. 2008లో 9800 జీటీఎక్స్ ప్లస్‌గా అమ్మినదాన్నే 2009 మార్చిలో జీటీఎస్ 250 అన్నారు. కోర్లు 128, క్లాక్ 738 మెగాహెర్ట్జ్, రెండింట్లోనూ. అప్పటికి వాళ్ల దగ్గర జీటీ200 అనే కొత్త చిప్పు ఉండనే ఉంది. మరి అప్పుడు ఏ ఫౌండ్రీ అడ్డం వచ్చిందట?

పాతకాపు:
980 మాట నిజం, ఒప్పుకుంటాను. కానీ అందరికీ ప్రతి ఏడాదీ కింది నుంచి పై దాకా కొత్త చిప్పులు గీసే స్తోమత ఉండదు కదా. పైగా ఏఎండీకి ఫౌండ్రీ ఎంచుకునే స్వేచ్ఛ కూడా అంతంతమాత్రమే.

లేఅవుట్ జీవి:
స్వేచ్ఛ మాట వచ్చింది కాబట్టి, ఈ పనిలో ఉన్నవాడిగా ఒక మాట. ఫౌండ్రీ మార్చడమంటే పుస్తకాన్ని వేరే ప్రెస్సుకి పంపడం లాంటిదని చాలామంది అనుకుంటారు. కాదు. ఏ తీగకి ఏ తీగ ఎంత దూరంలో ఉండాలన్నది ఫౌండ్రీ ఫౌండ్రీకీ మారుతుంది. లాజిక్ అలాగే ఉన్నా, దాన్ని సిలికాన్ మీద పరిచే పని మళ్లీ మొదటి నుంచి. చిప్పు గీతల్ని అచ్చేసే మాస్కులు కొత్తవి, పరీక్షలు కొత్తవి. ఆ నిర్ణయం కార్డు అమ్మకానికి రావడానికి ఏళ్ల ముందే అయిపోవాలి. వచ్చేనాటికి ఆ ఫౌండ్రీ చతికిలబడితే వీళ్ల చేతిలో ఏమీ ఉండదు.

దానికి తోడు ఒప్పందాలు. ఏఎండీ తన ఫ్యాక్టరీలను 2009లో గ్లోబల్‌ఫౌండ్రీస్‌గా విడదీసింది గానీ, ఇన్ని వేఫర్లు (చిప్పులు చేసే సిలికాన్ పలకలు) అక్కడే కొనాలన్న షరతు మెడకు చుట్టుకునే ఉంది. వేరేచోటుకి వెళ్లే వెసులుబాటు కోసం 2016లో ఒప్పందం తిరగరాసి, 10 కోట్ల డాలర్లు, పైగా వాటాలు కొనుక్కునే హక్కూ ఇచ్చుకుంది. ఆర్‌ఎక్స్ 480 తయారైందీ అక్కడే, 14 నానోమీటర్లలో. ఆ గ్లోబల్‌ఫౌండ్రీస్ 2018లో 7 నానోమీటర్ల పనే ఆపేసింది.

అలాగని నేను పాతకాపు గారి పక్షమూ కాదు. 40 నానోమీటర్ల రోజులు గుర్తున్నాయా? టీఎస్‌ఎంసీ యీల్డు (చేసినవాటిలో పనికొచ్చే చిప్పుల శాతం) ఏఎండీ, ఎన్విడియా ఇద్దరినీ ఏడిపించింది. ఏఎండీ ముందు 2009 ఏప్రిల్‌లో హెచ్‌డీ 4770 అనే చిన్న చిప్పుతో నీళ్ల లోతు చూసుకుంది, సెప్టెంబరుకల్లా హెచ్‌డీ 5870 దింపింది. ఎన్విడియా పెద్ద చిప్పు ఫెర్మి 2010 మార్చికి గానీ రాలేదు. వచ్చినప్పుడు కూడా జీటీఎక్స్ 480లో 512 కోర్లకు 480 మాత్రమే తెరిచారు. ఒకే ఫౌండ్రీ, ఒకే నోడ్, రెండు రకాల ఫలితాలు. ఫౌండ్రీ గుంత తవ్వొచ్చు, చూసి నడవాల్సింది మనమే.

రాత్రిపూట:
మీ నానోమీటర్లు మీరే ఉంచుకోండి. కొనేవాడికి తగిలే దెబ్బ వేరు, దాన్ని ఒక్కరూ ఎత్తట్లేదు. 2014లో జీటీ 730 అని ఒకటి వచ్చింది. ఒక రకంలో 96 కోర్ల పాత ఫెర్మి, ఇంకో రకంలో దాని తర్వాతి తరం, 384 కోర్ల కెప్లర్. పెట్టె మీద పేరు ఒకటే. ఫెర్మికి కొత్త డ్రైవర్లు 2018లో ఆగిపోయాయి, కెప్లర్‌కి 2021 దాకా నడిచాయి. అంటే ఒకే పేరుతో కొన్న ఇద్దరిలో ఒకడి కార్డు మూడేళ్లు ముందే ముసలిదైపోయింది! ఆర్7 370 సంగతీ అంతే. 2015లో ఏఎండీ ఫ్రీసింక్ (తెర వేగాన్ని కార్డు వేగానికి జతచేసే సదుపాయం) గురించి ఊదరగొడుతోంది, ఆ ఏడాదే వచ్చిన ఈ కార్డుకి ఆటల్లో ఫ్రీసింక్ లేదు, ఎందుకంటే లోపలున్నది 2012 చిప్పు. ఇది తెలియక కొన్నవాడికి ఫౌండ్రీ కథ చెప్తే కడుపు నిండుతుందా?

నల్లపెట్టె:
పెట్టె మీద చిప్పు కోడ్ అచ్చేయమంటే సరి. గొడవ వదులుతుంది.

రాత్రిపూట:
వదలదు గురూ. జీటీ 1030 చూడు. మొదట జీడీడీఆర్5 మెమరీ, సెకనుకి 48 గిగాబైట్లు. 2018లో అదే పేరుతో డీడీఆర్4 వేసి వదిలారు, 16.8కి పడిపోయింది. చిప్పు కోడ్ రెండింటికీ ఒకటే, జీపీ108. నువ్వు అచ్చేయించినా ఉపయోగం సున్నా.

ఫ్రేములెక్క:
పేరు పూర్తిగా కంపెనీ చేతిలోదే అనడానికి ఇంకో సాక్ష్యం. 2022లో ఆర్‌టీఎక్స్ 4080 అని రెండు ప్రకటించారు. 16 జీబీ దానికి 9728 కోర్లు, 12 జీబీ దానికి 7680, చిప్పే వేరు. జనం తిట్టిపోస్తే అక్టోబరులో రెండోదాన్ని వెనక్కి తీసుకున్నారు. 2023 జనవరిలో అదే 4070 టీఐగా వచ్చింది. సిలికాన్‌లో ఒక్క ట్రాన్సిస్టర్ కదల్లేదు, పేరు మాత్రం మారింది.

ఫౌండ్రీ ఎంపికకి విలువ లేదని కాదు. 2020లో ఆర్‌టీఎక్స్ 3080ని శామ్‌సంగ్ 8 నానోమీటర్ల మీద చేయించారు, 320 వాట్లు. అదే ఏడాది డేటా సెంటర్ల ఏ100ని మాత్రం టీఎస్‌ఎంసీ 7 దగ్గర చేయించారు. ఆటలాడేవాళ్లకి శామ్‌సంగ్ చాలనుకున్నారన్నమాట. రెండేళ్ల తర్వాత టీఎస్‌ఎంసీకి తిరిగొచ్చేసరికి, శామ్‌సంగ్ దగ్గర 628 చదరపు మిల్లీమీటర్లలో 2,830 కోట్ల ట్రాన్సిస్టర్లు పట్టిన చోట, 608లోనే 7,630 కోట్లు పట్టాయి. ఆ తేడా ఫౌండ్రీదే. పేరు పాపం మాత్రం దాని మీద వేయకండి.

పాతకాపు:
సరే, సగం వెనక్కి తగ్గుతున్నాను. పాత చిప్పుని ఇంకా అమ్మడం వెనక ఫౌండ్రీ ఉంది, ఆ మాట మీదే ఉంటాను. యీల్డు కుదురుకున్న చిప్పు చవకగా వస్తుంది, చిన్న బడ్జెట్‌వాడికి అది మేలు కూడా. కానీ దాన్ని 7850 అనే పేరుతోనే ధర తగ్గించి అమ్మొచ్చుగా అంటే నా దగ్గర జవాబు లేదు.

మరి ఆర్‌ఎక్స్ 590ని ఏ గాటన కడతారు? ఆర్‌ఎక్స్ 480లో ఉన్న 2304 కోర్లే, కానీ 14 నుంచి 12 నానోమీటర్లకి మారి, బూస్ట్ (గరిష్ఠ క్లాక్) 1266 నుంచి 1545 మెగాహెర్ట్జ్‌కి వెళ్లింది.

లేఅవుట్ జీవి:
590ని నేను రీబ్రాండ్ (పాత సరుకుకి కొత్త పేరు) అనను, ప్రాసెస్ మారింది, క్లాక్ పెరిగింది. మధ్యలో వచ్చిన 580ని అంటాను.

రాత్రిపూట:
580లో కూడా క్లాక్ 1340కి పెరిగిందిగా? ఎన్ని మెగాహెర్ట్జ్ దాటితే కొత్త కార్డో మీరే ఒక అంకె చెప్పండి, రాసుకుంటాను.