కామెంటరీకి ఆడి ఉండాలా? హర్ష–మంజ్రేకర్ గొడవ మళ్లీ

థర్డ్‌మ్యాన్:
2019 నవంబరు, ఈడెన్ గార్డెన్స్, బంగ్లాదేశ్‌తో గులాబీ బంతి టెస్టు. బంతి సరిగ్గా కనిపిస్తోందో లేదో ఆటగాళ్లనే అడగాలన్నాడు టెస్టులు ఆడని కామెంటేటర్ హర్షా భోగ్లే. అడగాల్సింది నువ్వు, ఆడిన మాకు అక్కర్లేదన్నట్టు మాట్లాడాడు పక్కనే కామెంటరీ చెబుతున్న మాజీ టెస్టు ఆటగాడు సంజయ్ మంజ్రేకర్. ఆ క్లిప్పు నిన్న మళ్లీ చూశా. తిట్టుకుంటే తిట్టుకోండి, నాకు మంజ్రేకర్ మాటే సబబనిపించింది. మణికట్టు తిరగడం చూసి, పిచ్ మీద పడకముందే గూగ్లీ (లెగ్‌స్పిన్నర్ వేసే, అనుకున్నదానికి ఎదురువైపు తిరిగే బంతి) అని పసిగట్టేది ఆడినవాడే.

సిల్లీపాయింట్:
గూగ్లీ సరే గురూ, అక్కడ గొడవ గూగ్లీ గురించి కాదుగా! మన గడ్డ మీద అదే మొదటి డే-నైట్ టెస్టు. మొదటి రోజే లిటన్ దాస్, నయీమ్ హసన్ ఇద్దరికీ హెల్మెట్ మీద తగిలింది. ఇద్దరి బదులూ కంకషన్ సబ్‌స్టిట్యూట్లు, అంటే తలకి దెబ్బ తగిలినవాళ్ల స్థానంలో ఆడేవాళ్లు, దిగారు. బంతికి నల్ల దారం కుట్టు, పైన ఫ్లడ్‌లైట్లు. మంజ్రేకర్ 37 టెస్టులు ఆడాడు, కాదనను. వాటిలో గులాబీ బంతితో ఎన్ని? సున్నా. అంటే ఆ ఒక్క విషయంలో కామెంటరీ బాక్సులో ఉన్న ఇద్దరూ ఒకటే. అడగక ఏం చేస్తారు?
హర్ష బతుకంతా అడగడమే. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్, అహ్మదాబాద్ ఐఐఎం. 19 ఏళ్లకే హైదరాబాదులో ఆకాశవాణి మైకు పట్టాడు. 1991-92లో ఆస్ట్రేలియా ప్రసార సంస్థ ఏబీసీ వాళ్లు కామెంటరీకి పిలిచి మరీ కూర్చోబెట్టారు. టెస్టు క్యాప్ చూసి పిలిచారా?

థర్డ్‌మ్యాన్:
మరి ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్, కామెంటేటర్ రిచీ బెనో? 63 టెస్టులు, 248 వికెట్లు. ఆయన్ని మించినవాడున్నాడా?

సిల్లీపాయింట్:
భలే పేరు తెచ్చావు. ఆయన 1956లో ఇంగ్లండ్ టూర్ అయ్యాక ఇంటికెళ్లకుండా బీబీసీలో శిక్షణకి కూర్చున్నాడు. ఆడితే చాలనుకుంటే ఆ కష్టమెందుకు?

నైట్‌వాచ్‌మన్:
మీ ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. 2016 ఐపీఎల్ ముందు హర్షని పక్కన పెట్టారు, కారణం కూడా చెప్పలేదు. ఆడనివాణ్ని తీసేయడం అంత తేలిక.

థర్డ్‌మ్యాన్:
2020లో మంజ్రేకర్‌నీ బీసీసీఐ కామెంటరీ ప్యానెల్ నుంచి తీసేశారు బాబూ. ఆడినా అంతే, ఆడకపోయినా అంతే.
సిల్లీపాయింట్, ఆ సున్నా సంగతి నాకు తట్టలేదు. గులాబీ బంతి వరకు ఒప్పుకుంటున్నా. మామూలు టెస్టుల ఎర్ర బంతి దగ్గరికి రా, అక్కడ తేల్చుకుందాం.