అప్‌డేట్: జేడ్ తీగ ఆకుల అంచులు మాడిపోవడం గురించి

కావలిలోని మా పెరటి జేడ్ తీగ ఆకుల అంచులు మాడిపోతున్నాయని, అది ఎండదెబ్బేనా అని వేసవిలో అడిగాను. బోరు నీటిలోని ఉప్పును అనుమానించిన వారి మాటే నిజమైంది: వేర్లు పీల్చిన లవణాలు, నీరు ఆవిరైపోయాక ఆకు అంచుల వద్దే పేరుకుంటాయి కనుక మాడడం అక్కడే మొదలైంది. ఈశాన్య రుతుపవనాల వానలు మట్టిని కడిగిన తరువాత, తొట్టెలో పట్టి ఉంచిన వాన నీటినే పోస్తున్నాను; కొత్త ఆకులు శుభ్రంగా వస్తున్నాయి. పాతవి మాత్రం కోలుకోవు. ఇది ఫిలిప్పీన్స్ తేమ అడవుల మొక్క కనుక, వేర్లు చల్లగా ఉండేందుకు తీగ మొదలు చుట్టూ కొబ్బరి పీచు (అందులోనూ ఉప్పుంటుంది, కడగాలి) పరిచాను. నీలి ఆకుపచ్చ పూలగుత్తులు బారుగా వేలాడతాయి కాబట్టి ఇనుప పందిరి వేయించాను. పూతకు ఇంకా కొన్నేళ్లు పట్టవచ్చు.